వేలికి తగిన ఉంగరం

పిల్లలూ! మీ కుడిచెయ్యి ఒకసారి చాపి చూసుకోండి. అయిదు వేళ్ళూ ఒక్కటిగా ఉండవని పెద్దలు అంటారు గదా! పొడవు మాట అందరికీ తెలిసిందే. మరి లావు మాట ఏమిటి? ఉంగరపు వేలి చుట్టుకొలత ఎన్ని మిల్లీమీటర్లో మీలో ఎవరైనా చెప్పగలరా? చెప్పుల నంబరు అడిగితే చటుక్కున చెబుతారు. చొక్కా కొలత దర్జీ పుస్తకంలో రాసి ఉంటుంది. వేలి కొలత మాత్రం మీకూ తెలియదు, మీ అమ్మా నాన్నలకూ తెలియదు. ఇంట్లో పెళ్ళి కుదిరి, ఉంగరం చేయించవలసి వచ్చినప్పుడు గాని ఆ సంగతి ఎవరికీ గుర్తురాదు.

ఉంగరాన్ని సంస్కృతంలో "అంగుళీయకం" అంటారు. అంగుళి అంటే వేలు. వేలిని పట్టి ఉండేది గనుక దానికి ఆ పేరు వచ్చింది. పట్టి ఉండకపోతే ఏమవుతుంది? కాళిదాస మహాకవి రాసిన శాకుంతల నాటకం కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. దుష్యంత మహారాజు తన పేరు చెక్కిన ఉంగరాన్ని శకుంతల వేలికి తొడిగి వెళ్ళాడు. ఆమె అత్తవారింటికి పోతూ, దారిలో శచీతీర్థంలో నీటికి నమస్కరించేటప్పుడు అది జారి నీళ్ళలో పడింది. చేప మింగింది. దుర్వాసుడి శాపం వల్ల ఆమెను మరచిపోయిన రాజుకు చూపించడానికి ఆనవాలే లేకపోయింది. చివరకు జాలరి వల్ల ఉంగరం దొరికింది గనుక సరిపోయింది. రాజుగారి వేలికి చేసిన ఉంగరం ఆశ్రమ బాలిక వేలికి వదులు కాక ఏమవుతుంది? లెక్కలు చెప్పిన మాష్టారిని గనుక నాకు మొదట తోచే ప్రశ్న ఇదే!

వదులైతే జారిపోతుంది. బిగువైతే ఇరుక్కుపోతుంది. రెండూ కాకుండా ఉండాలంటే కొలత సరిగా తీయాలి. దానికి కావలసినవి ఒక కాగితం, ఒక కత్తెర, ఒక పెన్సిలు, మీ లెక్కల పెట్టెలో ఉండే కొలబద్ద. అంతే.

దారంతో ఎందుకు వద్దు?

దూరాన ఉన్న పెళ్ళికొడుకు వేలికి దారం చుట్టి, ముడివేసి, ఆ దారాన్ని కవరులో పెట్టి పంపడం ఒకప్పటి పద్ధతి. ఇప్పటికీ కొందరు అట్లాగే చేస్తారు. కాని దారానికి మూడు దోషాలు ఉన్నాయి. లాగితే సాగుతుంది. ముడి కొంత పొడవును మింగేస్తుంది. సన్నగా ఉండి కండలోకి దిగిపోతుంది గనుక అసలు కన్న తక్కువ కొలత చూపుతుంది. కాగితం సాగదు, కండలోకి దిగదు. అందుచేత కాగితపు పట్టీయే మేలు.

కొలత తీసే విధం

1. నోటుపుస్తకం కాగితం నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, అర సెంటీమీటరు వెడల్పు ఉండే పట్టీని కత్తిరించండి. అంచులు వంకర లేకుండా ఉండాలి.

2. ఉంగరం నిలిచే చోట, అంటే వేలి మొదట్లో, పట్టీని చుట్టండి. నొక్కి చుట్టకూడదు, వేలాడేటట్లు ఉండకూడదు. చర్మాన్ని తాకుతూ ఉంటే చాలు.

3. పట్టీ ఒక కొస రెండవ దానిమీదకు వచ్చిన చోట పెన్సిలుతో సన్నని గీత పెట్టండి. గీత లావుగా ఉంటే అర మిల్లీమీటరు అక్కడే పోతుంది.

4. పట్టీని బల్లమీద పరచి, కొస నుంచి గీతదాకా మిల్లీమీటర్లలో కొలవండి. ఇదే మీ వేలి చుట్టుకొలత. లెక్కల భాషలో పరిధి.

5. ఇప్పుడు కణుపు సంగతి చూడాలి. వేలి మధ్య కీలు కొందరికి మొదలు కన్న లావుగా ఉంటుంది. ఉంగరం అక్కడికి చేరాలంటే కణుపు దాటి పోవాలి గదా! అందుచేత కణుపును కూడా కొలవండి. రెండు కొలతలూ దగ్గరగా ఉంటే మొదటి కొలతే చాలు. కణుపు బాగా పెద్దదైతే రెండింటికీ నడుమ కొలత తీసుకోవాలి.

6. చివరగా పరీక్ష. మీరు నిర్ణయించిన కొలతకు పట్టీ కొసలు అంటించి కాగితపు ఉంగరం చేయండి. అది కణుపు దగ్గర కొంచెం పట్టి, తరువాత సులువుగా లోపలికి పోవాలి. చెయ్యి కిందికి విదిలించినా రాలిపడకూడదు.

ఒక్కసారి కొలిచి ఊరుకోవద్దు. పొద్దున, మధ్యాహ్నం, సాయంకాలం కొలిచి మూడు అంకెలూ రాసుకోండి. 51, 52, 53 వచ్చాయనుకుందాం. కూడితే 156. మూడింట భాగిస్తే 52. ఇదే సరాసరి. తరగతిలో సరాసరి లెక్కలు ఎందుకని విసుక్కున్నవారికి ఇక్కడ జవాబు దొరికింది గదా!

వేలు మారుతుందా, బంగారం మారుతుందా?

ఒకే వేలు పొద్దున ఒక కొలత, సాయంకాలం ఒక కొలత ఎట్లా చూపుతుంది? "చలికాలంలో ఉంగరం వదులవుతుంది, ఎండాకాలంలో బిగుసుకుంటుంది" అని బామ్మలు అంటారు. మాట నిజమే. అయితే మారేది ఉంగరమా, వేలా?

లోహాలు వేడికి వ్యాకోచిస్తాయని మీరు చదువుకున్నారు. బంగారం ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కితే తన పొడవులో పదిలక్షల వంతులకు సుమారు 14 వంతులు పెరుగుతుంది. 52 మిల్లీమీటర్ల చుట్టుకొలత గల ఉంగరం 20 డిగ్రీలు వేడెక్కిందనుకోండి. 52ను 14తోనూ, దాన్ని 20తోనూ హెచ్చించి పదిలక్షలతో భాగిస్తే 0.0146 మిల్లీమీటరు వస్తుంది. అంటే మిల్లీమీటరులో సుమారు డెబ్బయ్యవ వంతు! మీ నోటుపుస్తకం కాగితం మందం కూడా ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా వేడికి ఉంగరం పెద్దదవుతుందే గాని చిన్నది కాదు. బంగారమే కారణమైతే ఎండాకాలంలో ఉంగరం వదులు కావాలి. జరుగుతున్నది తలకిందులుగా ఉంది. కనుక మారేది ఉంగరం కాదు, వేలే.

ఎండకు ఒళ్ళు వేడెక్కినప్పుడు ఆ వేడిని బయటకు పంపడానికి చర్మం కింద ఉన్న రక్తనాళాలు వెడల్పవుతాయి. చేతుల్లోకి రక్తం ఎక్కువగా వస్తుంది. వేళ్ళు కొంచెం ఉబ్బుతాయి. చలిలో ఇందుకు వ్యతిరేకం. వేడి పోకుండా ఉండడానికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, వేళ్ళు సన్నబడతాయి. ఉప్పు ఎక్కువగా తిన్నా, చేతులు వేలాడేసి చాలాసేపు నడిచినా వేళ్ళలో నీరు చేరి లావవుతాయి. తల్లి కాబోయే స్త్రీలకు వేళ్ళు వాయడం ఉంది. ముసలితనంలో కీళ్ళ జబ్బు వల్ల కణుపులు పెద్దవవుతాయి. పడుచుతనంలో పెట్టిన ఉంగరం తాతగారి వేలి నుంచి ఊడి రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

మీరే పరీక్ష చేసి చూడవచ్చు. వేలు కొలిచి రాసుకోండి. చేతులు కిందికి వేలాడేసి పది నిమిషాలు నడిచి వచ్చి మళ్ళీ కొలవండి. తరువాత చెయ్యి తలపైకి ఎత్తి రెండు నిమిషాలు ఉంచి కొలవండి. తేడా కనబడిందా? అందుకే ఆటలాడి వచ్చిన వెంటనే గాని, చన్నీళ్ళలో చేతులు కడిగిన వెంటనే గాని ఉంగరపు కొలత తీయకూడదు.

మరొక విషయం. కుడిచేతివాటం వారికి కుడిచేతి వేళ్ళు సాధారణంగా కొంచెం లావుగా ఉంటాయి. ఏ చేతికి ఉంగరమో ఆ చేతినే, ఏ వేలికో ఆ వేలినే కొలవాలి.

పాత ఉంగరం నుంచి కొలత

అమ్మకు తెలియకుండా ఉంగరం చేయించి ఆశ్చర్యపరచాలని నాన్నగారి ఆలోచన అనుకోండి. వేలికి పట్టీ చుడితే రహస్యం బయటపడుతుంది. అప్పుడు అమ్మ ఆ వేలికే పెట్టుకునే పాత ఉంగరం చాలు.

దాన్ని కొలబద్దమీద పెట్టి వ్యాసం చూద్దామని మీకు తోచవచ్చు. చుట్టుకొలతను 22/7తో భాగిస్తే వ్యాసం వస్తుందని మీకు తెలుసు. 52ను అట్లా భాగిస్తే సుమారు 16.5 మిల్లీమీటర్లు. లెక్క బాగానే ఉంది. కాని ఇందులో ఒక చిక్కు ఉంది. మీ కంటికి వ్యాసం 17 అని తోచిందనుకోండి. తేడా అర మిల్లీమీటరే గదా అనుకుంటారు. చుట్టుకొలత కట్టి చూడండి. 53.4 వస్తుంది! వ్యాసంలో చేసిన తప్పు చుట్టుకొలతలో మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. చుట్టుకొలతలో చేసిన తప్పు వ్యాసానికి వచ్చేసరికి మూడో వంతు కన్న తగ్గిపోతుంది. అందుచేత సామాన్యపు కొలబద్దతో పనిచేసేవారు చుట్టుకొలతనే నమ్ముకోవాలి.

దానికి ఒక యుక్తి ఉంది. కాగితపు పట్టీని చుట్టగా చుట్టి ఉంగరం లోపల పెట్టి వదలండి. అది తనంతట తాను విచ్చుకుని లోపలి అంచును అంటుకుంటుంది. కొస వచ్చిన చోట గీత పెట్టి, బయటకు తీసి కొలవండి. లోపలి చుట్టుకొలత దొరుకుతుంది. ఉంగరానికి బయట మాత్రం పట్టీ చుట్టవద్దు. ఉంగరం 2 మిల్లీమీటర్ల మందం ఉంటే బయటి వ్యాసం 4 మిల్లీమీటర్లు ఎక్కువ. చుట్టుకొలతలో పన్నెండున్నర మిల్లీమీటర్ల తేడా వస్తుంది!

ఒకే వేలు, నాలుగు పేర్లు

కొలత చేతికి వచ్చింది. ఇక దుకాణంలో "ఎన్నో నంబరు?" అని అడుగుతారు. చుట్టుకొలతను మిల్లీమీటర్లలోనే చెప్పడం అంతర్జాతీయ ప్రమాణం. దాని పేరు ఐ.ఎస్.ఓ. 8653. ఆ లెక్కన మన ఉంగరం 52. మన దేశపు దుకాణాలలో సాధారణంగా కనబడే పట్టికల ప్రకారం చుట్టుకొలతలో నుంచి 40 తీసివేస్తే దగ్గర దగ్గర నంబరు వస్తుంది. అంటే 12. బ్రిటనులో అంకెలకు బదులు ఇంగ్లీషు అక్షరాలు వాడతారు. అక్కడ సి అంటే 40 మిల్లీమీటర్లు, ఒక్కొక్క అక్షరానికి 1.25 మిల్లీమీటరు పెరుగుతుంది. మన ఉంగరం ఎల్‌కూ ఎమ్‌కూ నడుమ పడుతుంది. అమెరికాలో ఇదే ఉంగరం 6వ నంబరు!

చూశారా? ఒకే వేలికి 52, 12, ఎల్, 6 అని నాలుగు పేర్లు! ఈనాడు తెలుగు కుటుంబాలలో అమెరికాలో చుట్టాలు ఉన్నవారు చాలామంది. అక్కడి అత్తయ్య "నా నంబరు 6" అని చెప్పిందనుకోండి. ఇక్కడ మన పట్టికలో 6 చూసి చేయిస్తే 46 మిల్లీమీటర్ల ఉంగరం వస్తుంది. అది అత్తయ్య చిటికెన వేలికి కూడా పట్టదేమో! అందుకని నంబరు చెప్పకండి, లోపలి చుట్టుకొలత మిల్లీమీటర్లలో చెప్పండి. మిల్లీమీటరు ఏ దేశంలోనైనా మిల్లీమీటరే.

దుకాణంలోనూ, కంసాలి దగ్గరా రెండు సాధనాలు ఉంటాయి. ఒకటి తాళంచెవుల గుత్తిలాగా ఉండే కొలత ఉంగరాల గుత్తి. ఒక్కొక్క దానిమీద నంబరు ఉంటుంది. వేలికి తొడిగి చూస్తారు. రెండవది కొస సన్నగా, మొదలు లావుగా ఉండి గీతలు చెక్కిన కడ్డీ. పాత ఉంగరాన్ని దానికి తొడిగితే ఎక్కడ ఆగిందో అక్కడ నంబరు కనబడుతుంది. దగ్గరలో దుకాణం ఉంటే మీ కాగితపు కొలతను ఆ గుత్తితో సరిచూసుకోవడం మంచిది. గుత్తిలో ఉన్నవి సన్నని ఉంగరాలైతే, మీరు చేయించేది వెడల్పాటి పట్టె ఉంగరమైతే, అర నంబరో ఒక నంబరో పెంచాలి. వెడల్పాటి ఉంగరం వేలిని ఎక్కువ మేర కప్పి ఎక్కువ బిగువుగా తోస్తుంది.

అన్నట్టు, నంబరు అక్కరలేని ఆభరణం కూడా మన ఇళ్ళలో ఉంది. మీ అమ్మ కాలివేళ్ళకు ఉన్న మెట్టెలు చూడండి. చాలావాటికి కొసలు కలిసి ఉండవు. కొంచెం నొక్కితే బిగుస్తాయి, విప్పితే వదులవుతాయి.

కొలత తప్పితే

కొలత తప్పినా కంసాలి సరిచేయగలడు. ఉంగరం 54 మిల్లీమీటర్లు ఉంది, 52 కావాలి. ఎంత ముక్క తీయాలి? సరిగ్గా 2 మిల్లీమీటర్లు. ఉంగరం మందం ఎంత ఉన్నా అంతే. ఎందుకో మీ లెక్కల మాష్టారిని అడగండి. ముక్క తీసి, కొసలు కలిపి, టంకం పెట్టి, ఆకురాయితో రాచి మెరుగు పెడతాడు. పెద్దది చేయాలంటే మరో ముక్క అతుకుతాడు. సాదా ఉంగరమైతే కడ్డీకి తొడిగి కొట్టి కొంచెం సాగదీయగలడు.

కాని చుట్టూ రాళ్ళు పొదిగిన ఉంగరాన్ని కోయడం కష్టం. అటువంటిది చేయించేటప్పుడు కొలత మరింత జాగ్రత్తగా తీయాలి. మరొకటి. బంగారు నగలకు హాల్‌మార్కు ముద్ర 2021 నుంచి దశలవారీగా తప్పనిసరి చేశారు. ఉంగరానికి ఆ ముద్ర సాధారణంగా లోపలి వైపున ఉంటుంది. కోత ఆ ముద్ర మీదుగా పోకుండా చూడమని ముందే చెప్పాలి.

ఉంగరం ఇరుక్కుంటే

ఇది అన్నింటికన్న ముఖ్యమైన భాగం. శ్రద్ధగా చదవండి. ఉంగరం పోతే డబ్బే పోతుంది. ఇరుక్కుంటే వేలికే ముప్పు. కొందరు పిల్లలు ఉంగరాలే కాక ఇనుప నట్టులు, సీసా మూతులు, గొట్టాలు కూడా వేళ్ళకు తొడిగి చూస్తారు. నట్టు ఉక్కుది. బంగారాన్ని కోసినంత సులువుగా దాన్ని కోయలేరు. ఆ ఆట ఎన్నడూ ఆడవద్దు.

ఇరుక్కున్న ఉంగరాన్ని బలవంతంగా లాగవద్దు. లాగిన కొద్దీ కణుపు వాస్తుంది, వాచిన కొద్దీ ఉంగరం బిగుస్తుంది. వెంటనే పెద్దవారికి చెప్పండి. భయపడి దాచవద్దు. చెయ్యి గుండె కన్న ఎత్తుగా కొన్ని నిమిషాలు పట్టుకోండి. చల్లని నీళ్ళలో ముంచండి. తరువాత సబ్బునీరో నూనెయో రాసి, ఉంగరాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ ముందుకు జరపాలి.

అప్పటికీ రాకపోతే పెద్దవారు చేయదగిన ఉపాయం ఒకటి ఉంది. దారం కొసను ఉంగరం కిందుగా అరచేతి వైపుకు దూర్చాలి. మిగిలిన దారాన్ని ఉంగరం దగ్గర నుంచి వేలి కొసవైపుకు, కణుపు దాటేదాకా, సందు లేకుండా చుట్టాలి. వాపు దారం కింద అణుగుతుంది. ఇప్పుడు దూర్చిన కొసను వేలి కొసవైపుకు లాగుతూ విప్పుతుంటే, విడే ఒక్కొక్క చుట్టూ ఉంగరాన్ని ముందుకు నెడుతుంది. వేలికి గాయం ఉన్నప్పుడు గాని, ఎముక విరిగిందన్న అనుమానం ఉన్నప్పుడు గాని ఈ పని చేయకూడదు.

వేలు నీలంగానో, పాలిపోయినట్లుగానో మారినా, తిమ్మిరి ఎక్కినా, నొప్పి ఎక్కువైనా ఒక్క నిమిషం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. ఉంగరాన్ని కోసే చిన్న సాధనం అక్కడ ఉంటుంది. "అయ్యో, బంగారం!" అని వెనుకాడకూడదు. కోసిన ఉంగరాన్ని కంసాలి అతకగలడు. రక్తం అందక చచ్చిపోయిన వేలిని ఎవరూ అతకలేరు.

చేతికి దెబ్బ తగిలినా, కాలినా, తేలో కందిరీగో కుట్టినా ఆ చేతి ఉంగరాలు వాపు రాకముందే తీసివేయాలి. కబడ్డీ ఆడేటప్పుడు, చెట్లూ గేట్లూ ఎక్కేటప్పుడు ఉంగరం ఉండకూడదు. గేటు ఊచకో, మేకుకో తగులుకుంటే ఒంటి బరువంతా ఒక్క వేలిమీద పడి, చర్మం ఊడివచ్చే ప్రమాదం ఉంది. కారు బ్యాటరీ దగ్గర పనిచేసేవారు కూడా ఉంగరం తీసి పెట్టుకోవాలి. బంగారం విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది. క్షణంలో ఎర్రగా కాలి వేలిని కాలుస్తుంది.

ఇంటి పని

ఈ ఆదివారం మీ ఇంట్లో అందరి ఉంగరపు వేళ్ళూ కొలిచి ఒక పట్టిక రాయండి. పేరు, ఏ చెయ్యి, చుట్టుకొలత, వ్యాసం, తేదీ అని అయిదు గళ్ళు చాలు. పెద్దవారి కొలతలు ఇంచుమించు నిలకడగా ఉంటాయి. మీ వేళ్ళు మాత్రం పెరుగుతున్నాయి గనుక ప్రతి పుట్టినరోజుకూ మీ గడి కొత్తగా నింపాలి. బామ్మగారి వేలికి ఉన్న ఉంగరం సులువుగా తిరుగుతున్నదో లేదో కూడా అప్పుడే చూడండి. తిరగకపోతే వెంటనే మీ నాన్నగారితో చెప్పండి. అది ఆమె అడిగి చేయించుకునే పని కాదు. మీరు చూసి చెప్పవలసిన పని.

చివరకు ఒక లెక్క. ఒక ఉంగరం లోపలి వ్యాసం 17.5 మిల్లీమీటర్లు. మన దుకాణం పట్టికలో దాని నంబరు ఎంత? 22/7 వాడండి. కాగితం మీద చేసిన తరువాతనే కింద చూడండి.

(జవాబు: చుట్టుకొలత 55 మిల్లీమీటర్లు. 40 తీసివేస్తే 15వ నంబరు.)